నాలుగు ఓమ్‌ల స్పీకరు ఆంప్లిఫయర్‌కి ఒకటిన్నరలా ఎందుకు తోస్తుంది?

పాత హై ఎండ్ స్పీకర్లు కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "స్పీకరు వెనక 4 ఓమ్‌లని రాసుంది. 4 ఓమ్‌లకు పనికొస్తానని ఆంప్లిఫయర్ కూడా చెబుతోంది. అయినా వాల్యూమ్ సగం దాటగానే ప్రొటెక్షన్ పడి పాట ఆగిపోతుంది. తప్పు దేనిది?" చాలాసార్లు తప్పు ఆ 4 అనే అంకెది.

బళ్లో ఓమ్ సూత్రాన్ని బ్యాటరీ, బల్బు బొమ్మతో చెప్పి వదిలేస్తారు. అక్కడ నిరోధమంటే ఒకే అంకె. ఆ అలవాటుతోనే 8 ఓమ్‌ల స్పీకర్‌కి మల్టీమీటర్ పెట్టి, 6 కనబడగానే కాయిల్ పోయిందేమోనని కంగారు పడతాం. మీటరు చూపేది వాయిస్ కాయిల్ తీగ నిరోధం మాత్రమే. 8 ఓమ్‌ల వూఫర్‌కి (బేస్ మోగించే పెద్ద కోన్ యూనిట్‌కి) అది 5.5 నుంచి 6.5 దాకా ఉండటం మామూలే. పాట నడుస్తున్నప్పుడు ఆంప్‌కి ఎదురయ్యేది ఇంపెడెన్స్, అంటే ఏసీకి తగిలే మొత్తం అడ్డు. అది ప్రతి ఫ్రీక్వెన్సీకీ మారుతుంది. వూఫర్ రెజొనెన్స్ (కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర 30 ఓమ్‌లకు ఎగబాకిందే, ఇంకాస్త పై ఫ్రీక్వెన్సీకి వెళ్లేసరికి 5కి దిగొచ్చు. కనిష్ఠ విలువ రాసిన అంకెలో 80 శాతానికి తగ్గకూడదని ప్రమాణం చెబుతుంది. 8 అని రాస్తే 6.4 కన్నా దిగకూడదన్నమాట. దీన్ని లెక్కచేయని పేరుమోసిన స్పీకర్లు బోలెడు. ఇన్ఫినిటీ కప్పా 9 అయితే 1 ఓమ్ కిందికి కూడా దిగుతుంది. ఆంప్‌లను కాల్చేస్తుందన్న పేరు దానికి ఊరికే రాలేదు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు మెలిక ఫేజ్‌లో, అంటే వోల్టేజీ, కరెంటు ఒకదానికొకటి ఎంత ముందువెనకలుగా నడుస్తున్నాయన్నదాంట్లో ఉంది.

మామూలు రెసిస్టర్‌లో వోల్టేజీ, కరెంటు కలిసే పెరిగి కలిసే తగ్గుతాయి. స్పీకర్‌లో కాయిల్ ఉంది, కదిలే కోన్ ఉంది, ఏ ఫ్రీక్వెన్సీ ఏ యూనిట్‌కి వెళ్లాలో పంచే క్రాసోవర్‌లో కెపాసిటర్లున్నాయి. ఇవి శక్తిని కాసేపు దాచుకుని తిరిగి ఆంప్ మీదికే తోస్తాయి. ఉయ్యాల మీ నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు తోస్తే మీ బలం దాని ఊపులో కలుస్తుంది. అది మీ మీదికి వస్తుండగానే తోశారంటే అదే బలం మీ మోచేతుల్లో నొప్పిగా మిగులుతుంది. ఇక్కడ ఆ మోచేతులు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు.

లెక్క వేసి చూద్దాం. ఆంప్ లోపలి సరఫరా ప్లస్ మైనస్ 40 వోల్టులు, లోడ్ 4 ఓమ్‌లు, అవుట్‌పుట్ పూర్తి ఊపులో ఉందనుకోండి. కరెంటు శిఖరం 10 ఆంపియర్లు. లోడ్ ఉత్త రెసిస్టర్ అయితే, కరెంటు 10 ఉన్న క్షణాన అవుట్‌పుట్ కూడా 40 వోల్టుల దగ్గరే ఉంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్ మీద మిగిలే వోల్టేజీ సున్నా, అప్పుడది వేడెక్కదు. ఎక్కువ వేడెక్కేది సగం దారిలో: 20 వోల్టులు, 5 ఆంపియర్లు, 100 వాట్లు. ఇప్పుడు అదే 4 ఓమ్‌లకు 45 డిగ్రీల ఫేజ్ తేడా తగిలించండి. అవుట్‌పుట్ వోల్టేజీ సున్నా అయిన క్షణాన కూడా 7.07 ఆంపియర్లు పారుతుంటాయి. మొత్తం 40 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీదే పడతాయి: 283 వాట్లు. ఉత్త రెసిస్టర్‌తో ఆ బాధ పెట్టాలంటే 1.4 ఓమ్‌లది తగిలించాలి. 60 డిగ్రీలైతే 360 వాట్లు, అంటే 1.1 ఓమ్. స్పీకరు వెనక రాసింది మాత్రం 4 అనే.

ట్రాన్సిస్టర్లు కరెంటునో వోల్టేజీనో విడిగా ఓర్చుకుంటాయి. రెండూ ఒకేసారి మీదపడితే లోపల ఒక చుక్కలో వేడి పేరుకుని అక్కడే షార్ట్ అవుతాయి. ప్రొటెక్షన్ సర్క్యూట్ కాపలా కాసేది దీనికే. కష్టమైన స్పీకర్‌కి ఆంప్ ఎంచుకునేటప్పుడు 8 ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లన్నది పక్కన పెట్టి, ఛానెల్‌కి ఎన్ని జతల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లున్నాయి, 4 ఓమ్‌లకు వచ్చేసరికి వాట్లు రెట్టింపుకు దగ్గరగా పెరుగుతున్నాయా అన్నవి చూడండి. 8కి 100, 4కి 120 ఇచ్చే దాన్ని ఇలాంటి చోట నమ్మలేం.

మీ స్పీకరు ఇంపెడెన్స్ గీతను ఇంట్లోనే గీసుకోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి సైన్ వేవ్ ఇచ్చి అవుట్‌పుట్‌ను 10 వోల్టులకు సర్దండి. స్పీకర్‌తో సిరీస్‌లో 1000 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ పెట్టి, స్పీకర్ కొసల మధ్య ఏసీ మిల్లీవోల్టులు చదవండి. వచ్చినదాన్ని 10తో భాగిస్తే ఓమ్‌లు: 80 వస్తే 8. చౌక మీటర్లు 400 హెర్ట్జ్ దాటాక తప్పు చూపడం మొదలుపెడతాయి. అందుకని ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ స్పీకర్ స్థానంలో 10 ఓమ్‌ల ఒక శాతం రెసిస్టర్ పెట్టి కూడా చదవండి. దానికి 99 రావాలి. ఎంత తేడా వస్తే ఆ నిష్పత్తిలో సవరించుకోవాలి. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే ప్రతి మెట్టుకి) మూడు బిందువులు చాలు. ఆ 1000 ఓమ్‌లు మరిచిపోయి 10 కిలోహెర్ట్జ్ నేరుగా ఇచ్చారో, ట్వీటర్ (సన్నని స్వరాలు మోగించే చిన్న యూనిట్) మీద 12 వాట్లు ఆగకుండా పడి కాలిపోతుంది. దీనికి వాల్వ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచేది) వాడొద్దు. 1000 ఓమ్‌లంటే దానికి లోడ్ లేనట్టే, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు.

ఈ గీత ఫేజ్‌ని కూడా పట్టిస్తుంది. గీత చదునుగా ఉన్నచోట ఫేజ్ సున్నాకు దగ్గర. ఆక్టేవ్‌లో 0.7 రెట్లకు పడిపోతున్న చోట సుమారు 45 డిగ్రీలు, సగానికి పడిపోతున్న చోట 90కి చేరువ. కాబట్టి గీత అట్టడుగు బిందువు ఒక్కటే చూసుకుంటే చాలదు. దానికి ముందున్న ఏటవాలే అంతకంటే ప్రమాదం. పైగా చాలా స్పీకర్లలో ఆ ఏటవాలు వూఫర్ రెజొనెన్స్‌కి కాస్త పైన, సరిగ్గా డ్రమ్ములు, బేస్ గిటార్ మోగేచోట ఉంటుంది.

వాల్వ్ ఆంప్‌తో కథ వేరు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ సొంత లోపలి అడ్డు) 2 ఓమ్‌లు అనుకుంటే, స్పీకర్ 4 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఊగుతున్నప్పుడు శబ్దంలోనే 3 డెసిబెల్‌ల ఎగుడుదిగుడు వస్తుంది. 0.1 ఓమ్ ఉన్న ట్రాన్సిస్టర్ ఆంప్‌తో అది 0.2 దాటదు. "వాల్వ్ వెచ్చదనం" అని మురిసిపోయేదాంట్లో కొంత ఈ ఎగుడుదిగుడే. అలాగని డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (8 ఓమ్‌లను ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె) 1000 ఉన్నదే కొనాలనడం కూడా మూఢనమ్మకమే. ఫ్యాక్టర్ 20 అంటే 0.4 ఓమ్, 200 అంటే 0.04. వాయిస్ కాయిల్ సొంత 6 ఓమ్‌లు ఎలాగూ అదే దారిలో ఉన్నాయి, 6.4కీ 6.04కీ తేడా ఆరు శాతం. పైగా 1950ల నాటి పెద్ద అయస్కాంతాల వూఫర్లు కొన్ని వాల్వ్ ఆంప్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇప్పటి ఆంప్‌తో వాటి బేస్ పీలగా వినిపిస్తే, సిరీస్‌లో 1 లేదా 2 ఓమ్‌ల 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి వినండి.

1957లో వచ్చిన క్వాడ్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కి (కోన్ బదులు విద్యుదావేశంతో కదిలే పలుచటి పొరల ప్యానెళ్లు ఉన్నది) రెండు వైపులా గండమే. 20 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి దాని ఇంపెడెన్స్ 2 ఓమ్‌ల చుట్టుపక్కలకు పడుతుంది, అదీ కెపాసిటర్ స్వభావంతో. కొన్ని ఆంప్‌లు అక్కడే ఆసిలేట్ అవుతాయి, అంటే అదుపు తప్పి తమంతట తామే ఊగడం మొదలుపెడతాయి. ఇంకోవైపు దాని ప్యానెళ్లు 33 వోల్టుల శిఖరం దాటితే నిప్పురవ్వలు రాలుస్తాయి. 8 ఓమ్‌లకు 100 వాట్ల ఆంప్ 40 వోల్టుల దాకా ఊగుతుంది. అదే కంపెనీ 1967లో తెచ్చిన 303 ఆంప్ సరఫరా 67 వోల్టులు. అవుట్‌పుట్ కెపాసిటర్ దాటి వచ్చేది అందులో సగానికి మించదు. అంకెలు అలా కుదరడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం.

వాట్ల సంగతి రెండు ముక్కల్లో. మూడు మీటర్ల దూరంలో 97 డెసిబెల్‌ల శిఖరం కావాలంటే, ఒక మీటరు దూరంలో వాట్‌కి 83 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకర్ల జతకు సుమారు 60 వాట్లు, 104 ఇచ్చే పెద్ద హార్న్ స్పీకర్లకు అర వాట్ సరిపోతాయి. హార్న్‌కి వెతకాల్సింది హిస్, హమ్ లేని ఆంప్‌ని. ఛానెల్‌లో 0.3 మిల్లీవోల్టుల రొద ఉన్నా నిశ్శబ్దమైన గదిలో చెవికి తగులుతుంది. 83 వాటిలో అది వినపడదు.

ఆంప్‌ని తిట్టే ముందు రెండు స్పీకర్ల గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. ఎక్కడైనా పది శాతం మించి విడిపోతే, ఒకదాంట్లో క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. దాని స్థానంలో ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే, పాతదాంట్లో ఉన్న లోపలి నిరోధం పోయి ట్వీటర్ గట్టిగా మోగుతుంది. అర ఓమ్ నుంచి ఒక ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో కలిపితే పాత సమతూకం తిరిగొస్తుంది. కొత్త ఆంప్ తగిలించే ముందు స్పీకర్లు లేకుండా ట్రాన్సిస్టర్ ఆంప్ అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టులు దాటితే ముందు అది బాగుచేయించాకే స్పీకర్ వైరు కలపాలి.