కుక్క గొంతులో బొమిక ఇరుక్కుంటే ముద్ద పెట్టకండి

అపోహ: అన్నం ముద్ద మింగిస్తే బొమిక దిగిపోతుంది.

వాస్తవం: దిగదు. ఆహారనాళం ఆపరేషన్ దాకా వచ్చే కుక్కల్లో చాలావాటికి ఇంటి దగ్గర ముందే ముద్దో, చక్కెరకేళీయో, కొబ్బరినూనో పట్టించేసి ఉంటారు. ఇరుక్కున్న బొమిక మీద ముద్ద పేరుకుని నాళం ఇంకా సాగుతుంది. కక్కినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. బొమిక ఎక్కువగా ఆగేది మెడ ఛాతీలో కలిసే చోట, గుండె దగ్గర, లేదా ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ పొర డయాఫ్రమ్‌కి కాస్త ముందు. అక్కడ గోడను నొక్కుతూనే ఉంటుంది. రక్తం అందక గోడ కుళ్లి చిల్లు పడుతుంది. వెంటనే తెస్తే చాలాసార్లు నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, అంటే ఎండోస్కోప్‌తో, కోత లేకుండా తీసేయొచ్చు. "రేపటికి తగ్గుతుందిలే" అని ఆగితే ఛాతీ తెరవాల్సి రావచ్చు. చొంగ కారుస్తూ, తిన్నది తిన్నట్టే కక్కేస్తుంటే ఆ రోజే ఎక్స్‌రే తీయించండి. దయచేసి ఇంకొకరి సలహా కోసం చూడకండి.

అపోహ: చిల్లు పడితే ఇక బతకదు.

పేగు కుట్టినంత తేలిక కాదు, నిజమే. ఈ నాళానికి పేగు మీద ఉండే పై పొర లేదు, మింగినప్పుడల్లా కదులుతుంది, కుట్టు లాగేస్తుంది. అందుకే కుట్టు మీద ఫ్లాప్, అంటే దగ్గర్లోంచి తిప్పి తెచ్చిన కండో పొరో, కప్పుతాం. మెడలో అయితే పక్కనున్న కండ, ఛాతీలో అయితే పక్కటెముకల మధ్య కండ, డయాఫ్రమ్ ముక్క, లేదా కడుపులోంచి పైకి తెచ్చిన ఒమెంటమ్ (పేగుల మీద కప్పినట్టుండే కొవ్వు పొర). వేరే కుక్కది కాదు, దాని ఒంట్లోదే. ఒక చివర రక్తనాళాలతో అంటుకునే ఉంటుంది కాబట్టి కుట్టుకి రక్తం అందుతుంది, లీకు ఆగుతుంది. అన్నీ బతుకుతాయని చెప్పను. ఛాతీలోకి చీము చేరాక వచ్చిన వాటిని కాపాడటం చాలా కష్టం.

పాలకొల్లు వైపు నుంచి ఒక పెద్దాయన తన కుక్కను తెచ్చారు. కాలువ గట్టున ఎవరో వదిలేసిన గాలం మింగింది. కనిపిస్తున్న దారం పట్టుకుని లాగారు, మెడలో నాళం చీలింది. (దారం కనిపించినా లాగకండి, కత్తిరించకండి, అలాగే తీసుకురండి.) కుట్టి, మెడ కండ తిప్పి కప్పాం. ఆయనకి ఆపరేషన్ కన్నా తర్వాతి రోజులే కష్టమయ్యాయి. "నోటితో ఏమీ పెట్టకపోతే నా వంక అలా చూస్తోందండీ" అని ఏడ్చేవారు. పొట్టకి పెట్టిన ట్యూబులోంచి తిండి వెళ్తోందని, ఆకలితో లేదని రోజూ చెప్పేవాళ్లం. పాపం, ఆగారు. కుక్క కోలుకుంది.

అపోహ: కుట్లు విప్పితే పని అయిపోయినట్టే. కాదు. కొన్ని వారాల తర్వాత మచ్చ బిగిసి నాళం సన్నబడొచ్చు. నీళ్లు దిగుతూ గట్టి తిండి కక్కేస్తుంటే మళ్లీ తీసుకురండి, బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు.