వైస్ సిటీ: పాతది అంటే ఏ పాతది?

"వైస్ సిటీ మళ్ళీ ఆడాలని ఉంది. పాతదే వేసుకోనా, డెఫినిటివ్ ఎడిషన్ కొనుక్కోనా?" 2021 నవంబరులో మొదలైన ఈ ప్రశ్న ఇంకా ఆగలేదు. అడిగేవాళ్ళ లెక్కలో ఉన్నవి రెండే గేములు, ఒకటి 2002 నాటి పాతది, ఒకటి దాన్నే మెరుగుపరిచి 2021లో తెచ్చిన కొత్తది, అంటే డెఫినిటివ్ ఎడిషన్. కానీ 2002 నుంచి 2024 దాకా ఈ గేమ్ ఎన్నిసార్లు వేషం మార్చిందో చూస్తే, పాతది అన్న మాటకే ఒక అర్థం నిలవదు. ఏది కొనాలో తేల్చుకునే ముందు ఆ వరస తెలుసుకోవడం మంచిది.

రాక్‌స్టార్ సంస్థ గ్రాండ్ తెఫ్ట్ ఆటో (జీటీఏ) వరసలోని వైస్ సిటీని 2002 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేసింది. కంప్యూటర్‌కు వచ్చింది 2003 మేలో. 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు, ఆడేది. మన దగ్గర ఇది ఇంటింటి గేమ్ కావడానికి సగం కారణం అదే. ఇంజనీరింగ్‌లో చేరిన అన్నకి కొన్న అసెంబుల్డ్ పీసీలో, గంటకు పదో ఇరవయ్యో తీసుకునే నెట్ సెంటర్లో, హాస్టల్ గదుల్లో, ఎక్కడ చూసినా గేమ్ హీరో టామీ వెర్సెట్టీ నీలం చొక్కాలో పరుగెత్తుతూ కనిపించేవాడు. మానిటర్ పక్కన చీట్ కోడ్ల కాగితం అతికించి ఉండేది. ప్యాంజర్ అని టైప్ చేస్తే ట్యాంకు వచ్చి పడేది. పోలీసులు ఎక్కువైతే లీవ్‌మీఎలోన్. కథ ఏమిటో తెలియకుండానే ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు కోకొల్లలు. రిమోట్ హెలికాప్టర్‌తో కట్టుబడిలో ఉన్న భవనంలో నాలుగు బాంబులు పెట్టే మిషన్ దగ్గర చాలామందికి కథ ఆగిపోయింది. నమ్‌ప్యాడ్‌తో ఆ హెలికాప్టర్ తిప్పలేక వదిలేసిన తరం మాది.

అయితే మనలో చాలామంది ఆడింది 2003 నాటి అసలు గేమ్ కూడా కాదు. రూపాయి ఖర్చు లేకుండా చేతులు మారిన సీడీల్లో ఉన్నది సైజు తగ్గించిన రిప్. అందులో ముందు వేటు పడేది రేడియో మీదే. కథలో సంభాషణలు కూడా మూగబోయిన కాపీలు ఉండేవి. ఇంకొన్ని సీడీల మీద మన దేశంలోని నగరాల పేర్లు వేసి, లోపల కార్లూ గోడల మీది పోస్టర్లూ మార్చి అమ్మేవాళ్ళు. వైస్ సిటీకి ప్రాణం అసలు రేడియోలోనే ఉంది. 1986 నాటి మయామీని గుర్తుచేసే ఊరు, ఏడు పాటల స్టేషన్లు, రెండు కబుర్ల స్టేషన్లు. రాత్రిపూట బీచ్ రోడ్డు మీద పాట వింటూ బండి నడపడానికే ఆ గేమ్ కట్టారా అనిపిస్తుంది. రిప్ ఆడి పెరిగినవాళ్ళకి ఆ సగం దక్కలేదు. కాబట్టి "మాకు ఒరిజినలే ఇష్టం" అనే మాటని కాస్త ఆలోచించి వాడాలి.

డబ్బు పెట్టి కొన్నవాళ్ళ దగ్గరున్నది కూడా ఒకటే గేమ్ కాదు. హైతీ ముఠా మీద గేమ్‌లో వచ్చే ఒక సంభాషణ తమ జాతిని చంపమన్నట్టుగా ఉందని అమెరికాలోని హైతీ సంఘాలు 2003లో నిరసనకు దిగాయి. ఆ డిసెంబరులో మాతృసంస్థ టేక్-టూ దిగొచ్చి, ఆ మాటలు తీసేస్తామని ఒప్పుకుంది. ఆ తర్వాత అచ్చైన డిస్కుల్లో అవి లేవు. అంటే విడుదలైన ఏడాదికే పాత వైస్ సిటీ రెండు అయింది.

తర్వాతి దెబ్బ పాటల హక్కులది. సినిమా పాటలాగే గేమ్‌లోని పాటకీ లైసెన్సు ఉంటుంది, దానికి గడువూ ఉంటుంది. 2012లో వైస్ సిటీని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం అమ్మకాల నుంచి కొన్నాళ్ళు తప్పించారు. తిరిగి వచ్చేసరికి రేడియోలో కోత పడింది. 2014లో ఇదే వరసలోని తర్వాతి గేమ్ శాన్ ఆండ్రియాస్‌కీ ఇదే గతి. అక్కడైతే ఎప్పుడో కొనుక్కున్నవాళ్ళ కాపీల్లో కూడా అప్‌డేట్ పేరుతో పాటలు పోయాయి, పాత సేవ్‌లు, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకున్న ఫైళ్ళు, చెడిపోయాయి. డిస్కు కొన్నవాడి గేమ్‌ని ఎవరూ ముట్టుకోలేరు. డౌన్‌లోడ్ కొన్నవాడి గేమ్‌లోకి మాత్రం కంపెనీ ఎప్పుడైనా రావచ్చు. ఎడిషన్ల గొడవంతా నడిచేది ఈ ఒక్క తేడా మీదే అని నా అభిప్రాయం. గ్రాఫిక్స్ సంగతి దాని తర్వాతే.

ఈలోగా ఫోన్లు వచ్చాయి. ఫ్లోరిడాకు చెందిన వార్ డ్రమ్ స్టూడియోస్ 2011 నుంచి 2013 వరకు ఏడాదికొకటి చొప్పున జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడింటినీ మొబైల్‌కి తెచ్చింది. వైస్ సిటీ వచ్చింది 2012 డిసెంబరులో. ఆ స్టూడియోనే తర్వాత గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అని పేరు మార్చుకుంది. మెరుగుపరిచిన ఎడిషన్ తయారీ కూడా వాళ్ళకే అప్పజెప్పారు.

2021 అసలు కథ మొదలయ్యే సంవత్సరం. ఫిబ్రవరిలో కొందరు అభిమానులు జీటీఏ 3, వైస్ సిటీల కోడ్‌ని వెనక్కి తవ్వి, నేటి కంప్యూటర్లలో సాఫీగా నడిచేలా తిరగరాసి బయటపెట్టారు. అది ఆడాలంటే అసలు గేమ్ ఫైళ్ళు మన దగ్గర ఉండాలి. టేక్-టూ ముందు దాన్ని తీసేయించింది, సెప్టెంబరులో వాళ్ళ మీద కాలిఫోర్నియా కోర్టులో దావా వేసింది. ఎందుకంత తొందర అన్నది అక్టోబరు 8న అర్థమైంది. మూడు గేములకూ కలిపి ది ట్రైలజీ: ది డెఫినిటివ్ ఎడిషన్ వస్తోందని ఆరోజు ప్రకటించారు. ఆ వెంటనే పాత గేములను ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఎత్తేశారు. కొత్తది ఎలా ఉంటుందో ఒక్కరూ చూడకముందే పాతదానికి తలుపు వేసేశారు. నా దృష్టిలో ఇదే పెద్ద తప్పు. తర్వాత బయటపడిన బగ్గులు దీని ముందు చిన్నవి.

నవంబరు 11న విడుదల. ధర దాదాపు 60 డాలర్లు, కంప్యూటర్లో పట్టే చోటు 45 జీబీ. వర్షం తెల్లటి గీతల్లా తెరనిండా పడి ఎదురుగా ఉన్నది కనపడనివ్వలేదు. మొహాలు మైనపు బొమ్మల్లా తయారయ్యాయి. పాత చిత్రాలను సాఫ్ట్‌వేర్‌తో సాగదీయడంతో దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పులుగా మారాయి. ఒకచోటైతే నవ్వాలో ఏడవాలో తెలియదు. శాన్ ఆండ్రియాస్‌లో ఒక డోనట్ల కొట్టు పైన ఆరు మూలల ఇనుప నట్టు బొమ్మ ఉంటుంది. కొట్టు పేరులోనే నట్టు ఉంది, జోకు అదే. మూలలు కనపడితే నునుపు చేసెయ్యడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు దాన్నీ గుండ్రంగా చేసేశారు.

పొగమంచు సంగతి ఇంకా లోతైనది. ప్లేస్టేషన్ 2 దూరంగా ఉన్నవాటిని చూపలేకపోయేది కాబట్టి పాత గేముల్లో దూరాన్ని మసకగా కప్పేసేవారు. యంత్రం పరిమితి అది. కానీ ఆ మసకే చిన్న మ్యాపుని మహా ప్రపంచంలా చూపించింది. కొత్తదాంట్లో దాన్ని తీసేసరికి, శాన్ ఆండ్రియాస్‌లో కొండెక్కి చూస్తే మూడు నగరాలూ ఒక్క చూపులో కనిపించాయి. ఎడారి దాటి ఎక్కడికో పోతున్నామన్న భ్రమ అక్కడితో సరి.

కంప్యూటర్ వెర్షన్‌ని విడుదలైన వెంటనే వెనక్కి తీసుకుని, కొన్ని రోజుల తర్వాత మళ్ళీ పెట్టారు. పొరపాటున లోపల వదిలేసిన ఫైళ్ళు తీసేస్తున్నామన్నారు. రివ్యూల మార్కులు పోగేసే మెటాక్రిటిక్ సైట్లో ఆటగాళ్ళిచ్చిన మార్కులు పదికి ఒకటి కూడా దాటలేదు. నవంబరు 19న రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది, పాత పీసీ గేములను తన సొంత స్టోర్లో తిరిగి పెడతానంది, కొత్తది కొన్న పీసీ వాళ్ళకు అవి ఉచితంగా ఇస్తానంది.

దిద్దుబాట్లు నత్తనడకన వచ్చాయి. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లకు వచ్చిన వెర్షన్లో పాత వెలుతురు, పాత ఆకాశం రంగు తిరిగొచ్చాయి. కంప్యూటర్లు, కన్సోళ్ళ మీద ఆడేవాళ్ళు అది చూసి ఊరుకుంటారా? వాళ్ళకి అదే సదుపాయం అందడానికి 2024 నవంబరు దాకా పట్టింది. ఆ అప్‌డేట్‌తో మొదటి తెర మీద గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరు మాయమైంది.

కాబట్టి 2021 నాటి వీడియోలు చూసి ఇప్పటి డెఫినిటివ్‌ని తిట్టడం సరికాదు. ఆ పాత వెలుతురు తెచ్చే క్లాసిక్ లైటింగ్ ఆన్ చేస్తే వైస్ సిటీ చూడ్డానికి బాగానే ఉంటుంది. పాతదాంట్లో చస్తే తుపాకులన్నీ పోగొట్టుకుని ఆసుపత్రి ముందు లేచి, మిషన్ మొదలయ్యే చోటికి టాక్సీలోనో బండిలోనో మళ్ళీ పోవాలి. ఇందులో ఓడిన మిషన్‌ని అక్కడికక్కడే తిరిగి మొదలుపెట్టొచ్చు. మ్యాపులో దారి గీత ఉంది, తుపాకులు మార్చుకోవడానికి చక్రం ఉంది. ఫోన్లోనో కన్సోల్లోనో మొదటిసారి ఆడేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. రేడియోలో కొన్ని పాటలు మాత్రం లేవు, అవి ఇక రావు.

కంప్యూటర్ ఉండి కాస్త ఓపిక ఉన్నవాళ్ళు మాత్రం 2003 గేమ్ వైపే వెళ్ళాలి. పాత డిస్కు ఇంట్లో ఉందేమో, స్టీమ్ లైబ్రరీలో ఎప్పుడో కొన్నది మిగిలి ఉందేమో చూసుకోండి. అమ్మకం ఆగినా కొన్నవాళ్ళ ఖాతాల్లో అది అలాగే ఉంది. సైలెంట్‌ప్యాచ్ అనే ఉచిత ఫైల్ వేసుకుంటే పాత తలనొప్పులు చాలావరకు పోతాయి. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిటర్‌ని, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద బొమ్మలు) చూపాలో హద్దు పెట్టేదాన్ని, ఆఫ్ చేయకండి. ఈ గేమ్ లెక్కలన్నీ ఫ్రేముల వేగం మీద కట్టినవి, ఆపేస్తే కార్ల నడక దగ్గర్నుంచీ తేడా వస్తుంది. పాత సేవ్ ఫైళ్ళు దాచుకున్నవాళ్ళకి ఒక మాట, అవి డెఫినిటివ్ ఎడిషన్లో తెరుచుకోవు.