అపోహలు - వాస్తవాలు: సైనిక కోర్టులో పాలస్తీనా పిల్లలు

నేను హైదరాబాద్‌లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పిల్లల కేసులు వాదిస్తాను. లా కాలేజీలో బాలల హక్కుల క్లాసు తీసుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యెత్తి పాలస్తీనా పిల్లల సంగతి అడుగుతారు. అడిగే తీరును బట్టే వాళ్లు ఏ వాట్సాప్ గ్రూపులో ఉన్నారో తెలిసిపోతుంది. రెండు వైపుల వాళ్ల మాటల్లోనూ తప్పులున్నాయి. యుద్ధం గురించి నాకు మీకంటే ఎక్కువేం తెలియదు. పిల్లాణ్ని పట్టుకున్న దగ్గర్నుంచి శిక్ష పడేదాకా కేసు కాగితం ఎలా నడుస్తుందో చూడటం మాత్రం నా పని. ఈ పోస్టు దాని గురించే.

అపోహ: అక్కడ పిల్లలకంటూ కోర్టే లేదు.

ఉంది. 1967 జూన్‌లో పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్‌బ్యాంక్‌ను ఆక్రమించినప్పటి నుంచి అక్కడి పాలస్తీనీయుల్ని ఇజ్రాయెల్ సైనిక కోర్టులు విచారిస్తున్నాయి. రమల్లా దగ్గర ఓఫర్‌లో ఒకటి, జెనిన్ వైపు సాలెంలో ఒకటి. 2009లో పిల్లలకు విడిగా సైనిక బాలల కోర్టు పెట్టారు. 2011 దాకా 16 నిండితే పెద్దవాళ్ల కింద లెక్క, ఆ ఏడాది దాన్ని 18కి పెంచారు. కాబట్టి పిల్లల్ని పెద్దల కోర్టులో విచారిస్తున్నారనడం పాత మాట. కాకపోతే అక్కడ జడ్జీ సైనికాధికారే, ప్రాసిక్యూటరూ సైనికాధికారే. వాళ్ల ముందున్న చట్టం కూడా సైనిక కమాండర్ జారీ చేసిన 1651వ నంబరు ఉత్తర్వు. 2013లో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ రాసిన నివేదిక చూస్తే, పిల్లలు ఆ హాల్లోకి జైలు దుస్తుల్లో, కాళ్లకు గొలుసులతో వస్తున్నారు.

అపోహ: 12 ఏళ్లకే నేరం అంటగడతారు, ఇంత ఘోరం ఇంకెక్కడా లేదు.

ఇజ్రాయెల్ పిల్లలకూ నేర బాధ్యత వయసు 12 ఏళ్లే. మన దగ్గర ఏడేళ్లు. కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంచారు. ఈ ఒక్క విషయంలో మనం మాట్లాడకుండా ఉంటేనే మర్యాద.

అపోహ: ఇజ్రాయెల్ ప్రజాస్వామ్య దేశం, చట్టం అందరికీ ఒకటే.

వెస్ట్‌బ్యాంక్‌లో ఒకే రోడ్డు మీద ఇద్దరు పద్నాలుగేళ్ల కుర్రాళ్లు రాళ్లు విసిరారనుకోండి. ఒకడు గుట్ట మీది సెటిల్‌మెంట్‌లో (ఆక్రమిత భూమిలో ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీలో) ఉండే ఇజ్రాయెలీ, ఇంకొకడు కింద ఊళ్లో ఉండే పాలస్తీనీయుడు. మొదటివాడు సివిల్ కోర్టుకు వెళ్తాడు. వాడికి 1971 నాటి ఇజ్రాయెల్ బాలల చట్టం వర్తిస్తుంది. 24 గంటల్లో జడ్జి ముందుకు తేవాలి. కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటరాగేషన్‌లో అమ్మో నాన్నో పక్కన కూర్చునే హక్కుంది. రెండోవాడు సైనిక కోర్టుకు వెళ్తాడు. గడువు 48 గంటలు. పక్కన పెద్దవాళ్లుండే హక్కు లేదు. వాడి అన్నకి పదహారో పదిహేడో ఉంటే గడువు 96 గంటలు, అంటే పెద్దవాళ్లతో సమానం. తమ్ముడికి పన్నెండో పదమూడో ఉంటే 24 గంటలు. అదే వయసు ఇజ్రాయెలీ పిల్లాడికి 12 గంటలు. సైనిక కోర్టు గడువులు కూడా 2012, 2013లలో తగ్గించాక మిగిలినవి.

మన జేజే (జువెనైల్ జస్టిస్) యాక్ట్‌లో ఏ పిల్లాడినైనా 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. ప్రయాణ సమయం కలపరు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. తూర్పు జెరూసలేం పిల్లలకు ఈ సైనిక ఉత్తర్వులు వర్తించవు, వాళ్ల కేసులు ఇజ్రాయెల్ సివిల్ కోర్టులకే వెళ్తాయి. ఫార్వర్డ్‌లలో ఈ రెండూ కలిపేస్తుంటారు.

అపోహ: తప్పు చేయకపోతే ఎందుకు ఒప్పుకుంటారు?

ఈ ప్రశ్న ఎక్కువగా చదువుకున్నవాళ్లే వేస్తారు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికొక కేసు వచ్చింది. బైకు దొంగతనం, పిల్లాడికి పదిహేనేళ్లు. స్టేట్‌మెంట్‌లో “నేను నా ఇష్టపూర్వకంగా తెలియజేయునది ఏమనగా” అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా పేజీన్నర ఉంది. పిల్లాడికి తన పేరు రాయడం తప్ప ఇంకేం రాదు. బోర్డు మెట్ల మీద కూర్చోబెట్టి ఎందుకు సంతకం పెట్టావురా అని అడిగితే, “ఇంటికి పంపిస్తమన్నరు సార్” అన్నాడు. అంతే. కొట్టారని కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ మెట్ల మీదున్న పిల్లాణ్ని వెస్ట్‌బ్యాంక్ ఊళ్లో పెట్టి చూడండి. యూనిసెఫ్ నివేదికలో పదే పదే కనిపించే వరస ఇది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారక ముందు సైనికులు ఇంటికొస్తారు. అబ్బాయి చేతులు ప్లాస్టిక్ టైతో కట్టి, కళ్లకు గంతలు కట్టి వాహనం ఎక్కిస్తారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంట్లోవాళ్లకు చాలాసార్లు చెప్పరు. ఇంటరాగేషన్ మొదలయ్యేసరికి వాడికి నిద్ర ఉండదు, చాలాసార్లు తిండీ ఉండదు. తిట్లు, బెదిరింపులు, ఒక్కోసారి దెబ్బలు. ప్రశ్నలు అరబిక్‌లో అడుగుతారు. చివర్లో సంతకానికి పెట్టే కాగితం చాలాసార్లు హీబ్రూలో ఉంటుంది, అది వాడు చదవలేడు. లాయరు మొహం చూసేది తర్వాత కోర్టు హాల్లో.

ఆ ప్లాస్టిక్ టై సంగతి కూడా చెప్పాలి. అది బిగిస్తే వదులవదు, లాగిన కొద్దీ మణికట్టులోకి దిగుతుంది. అందుకని 2010లో సైన్యం ఒక పద్ధతి పెట్టింది: మూడు టైలు వాడాలి, ఒక్కో మణికట్టుకు ఒకటి, రెండింటినీ కలుపుతూ ఇంకొకటి. రూలు ఇంత వివరంగా ఉంది. అది వచ్చాక కూడా ఒకే టైతో కట్టి నొప్పి పుట్టించారని పిల్లలు చెబుతూనే ఉన్నారు.

మరి కోర్టులో ఎదురు తిరగొచ్చు కదా? తిరగొచ్చు, కానీ బెయిల్ రావడం కష్టం. కేసు నడిపితే అది తేలేదాకా లోపలే ఉండాలి. నేరం ఒప్పుకుని ప్లీ బార్గెయిన్ (తక్కువ శిక్ష కోసం ప్రాసిక్యూషన్‌తో బేరం) చేసుకుంటే పడే శిక్ష చాలాసార్లు అంతకంటే తక్కువ. అక్కడి లాయర్లు ఒప్పుకోమనే చెబుతారు. నేనున్నా అదే చెబుతాను, వాడు ముందు ఇంటికి వెళ్లాలి కదా. ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బెత్సెలెం 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం 2005 నుంచి 2010 దాకా రాళ్లు విసిరారన్న కేసుల్లో 835 మంది మైనర్లను విచారించారు. నిర్దోషిగా బయటపడింది ఒక్కరు.

అందుకే నా దృష్టిలో ఈ కేసులు కోర్టులో తేలవు. మొదటి రాత్రే తేలిపోతాయి. ఆ రాత్రి గదిలో కెమెరా ఉంటే ఏమైనా మారేదేమో. 2014లో పిల్లల ఇంటరాగేషన్‌ను వీడియో తీయాలని ఉత్తర్వు తెచ్చారు కూడా. చదివి సంతోషపడబోయాను, కింద మినహాయింపు కనిపించింది: భద్రతా నేరాలకు అది వర్తించదు. రాయి విసరడం భద్రతా నేరమే.

అపోహ: రాయి విసిరితే 20 ఏళ్ల జైలు.

కాగితం మీద నిజం. మనిషి మీదో ఆస్తి మీదో విసిరితే పదేళ్లు, కదిలే వాహనం మీద హాని చేసే ఉద్దేశంతో విసిరితే 20 ఏళ్ల దాకా. కానీ పిల్లలకు మామూలుగా పడేది నెలల్లో ఉంటుంది, దానికి తోడు జరిమానా, మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యే సస్పెండెడ్ శిక్ష. సైనికుణ్ని చెంపదెబ్బ కొట్టిన వీడియోతో ప్రపంచానికి తెలిసిన అహెద్ తమీమీకి 2018లో ప్లీ బార్గెయిన్‌లో ఎనిమిది నెలలు పడింది. అప్పుడామెకు 17. ఇంకోవైపు, రాయి అంటే ఆటవస్తువు అనుకోవడం కూడా తప్పే. 2011లో వెస్ట్‌బ్యాంక్‌లోని కిర్యత్ అర్బా సెటిల్‌మెంట్ దగ్గర కారుకు రాయి తగిలి తండ్రి, పసిబిడ్డ చనిపోయారు.

అపోహ: నేరం రుజువైతేనే జైల్లో ఉంటారు.

విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే మన పీడీ యాక్ట్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ దాన్ని అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ అంటారు. ఛార్జిషీటు ఉండదు. ఆరు నెలల దాకా ఉత్తర్వు ఇస్తారు, ఎన్నిసార్లయినా పొడిగిస్తారు. మన పీడీ యాక్ట్‌లో కనీసం కారణాలు రాసిస్తారు, అడ్వైజరీ బోర్డు ఉంటుంది, గరిష్ఠం ఏడాది. అక్కడ సైనిక జడ్జి పరిశీలిస్తాడు గానీ ఆధారాలు రహస్యం, లాయరుకూ చూపించరు. ఏం చెప్పి వాదిస్తాం? మైనర్ల మీద దీన్ని కొన్నేళ్లు ఆపి, 2015లో మళ్లీ మొదలుపెట్టారు. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక బాగా పెరిగింది. ఆ నవంబర్‌లో బందీల మార్పిడిలో విడుదల చేసిన 240 మంది మహిళలు, మైనర్లలో చాలామందికి అసలు ఏ శిక్షా పడి లేదు.

అపోహ: యూనిసెఫ్ రిపోర్టు తర్వాత అంతా సర్దుకుంది.

యూనిసెఫ్ 38 సిఫార్సులు చేసింది. పిల్లల పట్ల దుర్వ్యవహారం విస్తృతంగా, ఒక పద్ధతి ప్రకారం, వ్యవస్థలో భాగంగా సాగుతున్నట్టుందని రాసింది. తర్వాత కొన్ని మార్పులొచ్చాయి. 2014లో రాత్రి అరెస్టులకు బదులు సమన్లు పంపే ప్రయోగం మొదలుపెట్టారు. రాత్రి అరెస్టులు ఆగలేదు. ఈ పిల్లల్ని ఉంచే మెగిద్దో లాంటి జైళ్లు ఇజ్రాయెల్ లోపలే ఉన్నాయి. నిందితుల్ని ఆక్రమిత ప్రాంతంలోనే ఉంచాలని నాలుగో జెనీవా ఒప్పందం 76వ అధికరణం చెబుతుంది. లోపల ఉండటం వల్ల, పిల్లాణ్ని చూడాలంటే తల్లిదండ్రులకు పర్మిట్ కావాలి. 2023 అక్టోబర్ నుంచి ఆ ములాఖత్‌లూ ఆగిపోయాయి, రెడ్‌క్రాస్ వాళ్లనూ రానివ్వలేదు. ఖైదీలకు సరిపడా తిండి పెట్టడం లేదని 2025 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే తేల్చింది.

అంతకు ఆరు నెలల ముందు, మార్చిలో, మెగిద్దో జైల్లో 17 ఏళ్ల కుర్రాడొకడు కుప్పకూలి చనిపోయాడు. పోస్టుమార్టం దగ్గరున్న ఇజ్రాయెలీ డాక్టరు, చాలాకాలంగా సరైన తిండి లేక శరీరం చిక్కిపోయిందని రాశారు. లోపలికెళ్లి ఆరు నెలలైంది. అప్పటికింకా అతని మీద ఛార్జిషీటు వేయలేదు.