బైరాగి చిలుం నుంచి 'గంజాయి బ్యాచ్' దాకా

మొన్న సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా ఊరు వెళ్లాను. కనుమ నాటి సాయంత్రం అరుగు మీద మాటల్లో మాటగా, న్యూజెర్సీలో ఉంటున్న మా మేనల్లుడు అక్కడి సంగతొకటి చెప్పాడు. వాళ్ల వీధి చివర కిరాణా కొట్టు పక్కనే గంజాయి కొట్టు తెరిచారట. ఇరవయ్యొకటి నిండినట్టు కార్డు చూపిస్తే చాలు, బిల్లు వేసి మరీ ఇస్తారట. వాళ్ల నాన్న, అంటే మా బావ, ముఖం మాడ్చుకున్నాడు. "పొద్దుపోయాక ఏటిగట్టు మీదకి ఆడపిల్లని పంపాలంటే భయమేస్తోందిరా ఇక్కడ. గంజాయి బ్యాచ్ కూచుంటోందని కొబ్బరితోటకి కాపలా పెట్టుకున్నాం. నువ్వు బిల్లు గురించి చెప్తావేంటి?" అన్నాడు. లోపల మంచం మీదున్న మామ్మకి ఎనభై ఏడేళ్లు. ఆవిడ మాత్రం తాపీగా, "గంజాయా? బైరాగులు తాగేదే కదా. మా నాన్న వాళ్లకి బియ్యం పోసి పంపించేవాడు" అంది.

ఒక్క ఇంట్లో మూడు తరాలు, మూడు మాటలు. ముగ్గురూ చూసిందే చెప్పారు. అమెరికాలో గంజాయి మీద జనాభిప్రాయం మారిందనీ, మన దగ్గరా మారాలనీ ఈమధ్య చాలామంది రాస్తున్నారు. మన దగ్గర కూడా మారింది, కాకపోతే ఎదురు దిక్కున. అక్కడ భయం తగ్గుతూ ఒప్పుదల పెరిగింది. గోదావరి డెల్టాలో ఒకప్పుడు ఎవరికీ పట్టని వస్తువు మీద ఇప్పుడు కోపం, భయం పెరిగాయి. ఆ తేడా ఎలా వచ్చిందో చూడకుండా చట్టబద్ధం చేయాలా వద్దా అని వాదించుకుంటే, ఎవరి గోల వాళ్లదే అవుతుంది.

మామ్మ చెప్పిన కాలంలో గంజాయి ఇంటి వస్తువు కాదు, దారిన పోయే వాళ్ల వస్తువు. పుష్కరాలకు రాజమండ్రి కోటిలింగాల రేవులో దిగే సాధువులు, తీర్థాలు తిరిగే బైరాగులు చిలుం పీల్చేవాళ్లు. పాత నిఘంటువుల్లో బంగి అనే మాట ఉంది, వైద్య గ్రంథాల్లో విజయ అనే పేరుంది. కాశీలో లాగా శివరాత్రికి ఇంటిల్లిపాదీ గంజాయి ఆకు నూరి చేసే భంగు తాగే ఆచారం మనకు లేదు. మన రైతుకి లంక పొగాకు ఉంది, చుట్ట ఉంది, తాటిచెట్టు కల్లు ఉంది. గంజాయితో అతనికి పని పడలేదు. 'తులసివనంలో గంజాయి మొక్క' అనే సామెత ఉన్నమాట నిజమే. గంజాయి మంచిది కాదని మనవాళ్లకు అప్పుడే తెలుసు. కానీ ఆ సామెతలో ఉన్నది తప్పుచోట మొలిచిన మొక్క మీద చిన్నచూపు. భయం అందులో లేదు.

ప్రభుత్వానికి దాని మీద చూపు పడింది మొదట పన్ను కోసమే. కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు 1839లోనే గంజాయిని మందుగా వాడి చూసి రాశాడు. ఆ శతాబ్దం చివర్లో, గంజాయి వల్ల హిందూదేశంలో పిచ్చాసుపత్రులు నిండుతున్నాయని బ్రిటిష్ పార్లమెంటులో గొడవ లేచింది. దాంతో 1893లో ఒక కమిషన్ వేశారు. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడేవాళ్లకు చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితే ఉందని, నిషేధం అక్కర్లేదని, పన్ను వేసి లైసెన్సు పెట్టి అదుపులో ఉంచితే చాలని తేల్చారు. ఇప్పుడు పడమటి దేశాల్లో కొత్తగా వినబడుతున్న వాదన నూట ముప్పయ్యేళ్ల కిందట మన దేశం మీదే రాసిన కాగితాల్లో ఉంది. ఆ కమిషన్‌కి మన ఆరోగ్యం ఎంత ముఖ్యమో ఖజానా కూడా అంత ముఖ్యమే. అది మరిచిపోయి ఆ నివేదికను వేదవాక్కులా ఎత్తిచూపేవాళ్లంటే నాకు గురి లేదు.

తర్వాత మద్యనిషేధం వచ్చింది. 1937లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం సారా, కల్లుతో పాటు గంజాయి లాంటి మత్తుపదార్థాలకూ వర్తించింది. కానీ మన వైపు పోట్లాటంతా కల్లు గురించే. గీత కార్మికుల బతుకు ఏమవుతుందన్న ప్రశ్న అంత పెద్దది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వం ఈ మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రభసలో గంజాయి ఊసెత్తిన నాయకుడు లేడు, ఎత్తవలసిన అవసరమూ అప్పుడు లేదు.

అసలు మలుపు ఢిల్లీలో, అంతకుముందు న్యూయార్కులో పడింది. 1961లో మత్తుమందుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం కుదిరింది. గంజాయిని అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితాలో చేర్చారు. సంప్రదాయంగా వాడే దేశాలు మానుకోవడానికి పాతికేళ్ల గడువిచ్చారు. ఆ గడువు దగ్గరపడుతుండగా 1985లో మన పార్లమెంటు మత్తుమందుల అదుపు కోసం ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. ఆ నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయల కొసలే. విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. ఉత్తరాది భంగు అలా బతికిపోయింది. భంగు అలవాటు లేని మనకు ఆ వెసులుబాటుతో పనిలేదు. మనకు మిగిలింది శిక్ష ఒక్కటే.

ఆ శిక్షల లెక్క తెలుసుకోవాలి, ఎందుకంటే డెల్టా కుర్రాళ్ల జీవితాలు ఈ లెక్కల మీదే తారుమారవుతున్నాయి. కిలో వరకు చిన్న మొత్తం. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, కనీసం పదేళ్లు జైలు, కనీసం లక్ష రూపాయలు జరిమానా, బెయిలు దొరకడం కనాకష్టం. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు పడొచ్చు. తాగుతూ దొరికినవాడికి ఆరు నెలల వరకు జైలు గానీ, పదివేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. మోటారుసైకిలు మీద సంచి పెట్టుకుని వచ్చే పందొమ్మిదేళ్లవాడికి ఈ అంకెలు తెలియవు. సంచి ఇచ్చినవాడికి బాగా తెలుసు.

ఇక కొండల సంగతి. డెల్టాకి ఈ కోపం పైనుంచి దిగివచ్చింది, అక్షరాలా పైనుంచే. విశాఖ మన్యంలోని చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు కొండవాలుల్లో, సరిహద్దు అవతల ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ వైపు గంజాయి సాగు పెరిగింది. అందులో 'శీలావతి' అనే రకానికి గిరాకీ. కాఫీ, పసుపు, రాజ్‌మా పండించే గిరిజన రైతుకి విత్తనం, పెట్టుబడి ఇచ్చి సాగు చేయించింది బయటివాళ్లు. మిగిలిన పంటలకు సంత దాకా మోసుకెళ్లాలి, ధర ఉంటుందో ఉండదో తెలియదు. దీనికైతే కొనేవాడు గుమ్మంలోకే వస్తాడు. 2021 చివర్లో రాష్ట్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏడు వేల అయిదు వందల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు ఒకేచోట తగలబెట్టారు. ఆ మంట టీవీలో చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కొండమీద మర్నాడు ఏ పంట వేసుకున్నారని అడిగినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో నేను లేనందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆ కొండల నుంచి సరుకు దిగే దారుల్లో ఒకటి నర్సీపట్నం మీదుగా తుని దగ్గర జాతీయ రహదారి ఎక్కుతుంది. ఇంకొకటి చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా రాజమండ్రికి వస్తుంది. రెండూ గోదావరి వంతెనల దగ్గరికి చేరేవే. మొదట్లో డెల్టా ఒక దారి మాత్రమే. లోడు కింద దాచిన బస్తాలు హైదరాబాదుకో, చెన్నైకో, మహారాష్ట్రకో పోయేవి. దారి ఉన్నచోట చిల్లర కూడా రాలుతుంది. అలా రాలిన పొట్లాలు కాలేజీల గేట్ల దగ్గరికి, లంకల్లోని పాకల్లోకి, రొయ్యల చెరువుల కాపలా షెడ్లలోకి చేరాయి. మా బావ తోటలో పొద్దున్నే కనబడేవేమిటో చూపించాడు: సగం కాలిన పేలికల్లాంటి కాగితపు కొసలు, ఖాళీ అగ్గిపెట్టెలు, పొగాకు దులిపేసిన సిగరెట్టు గొట్టాలు, నలిపి పారేసిన చిన్న ప్లాస్టిక్ కవరు. దాని వాసన ఎండుగడ్డి కుళ్లినట్టుంటుంది. పంచె కొసతో ముక్కు మూసుకుని ఆయనే అవన్నీ ఏరి కాల్చేస్తాడు, మనవలు ఆడుకునే చోటని.

'గంజాయి బ్యాచ్' అనే మాట పుట్టింది ఇక్కడే. బైరాగి అనే మాటలో మర్యాద ఉంది, కనీసం దూరం ఉంది. బ్యాచ్ అంటే మన ఊరి పిల్లలే. పేర్లు తెలుసు, తల్లిదండ్రులు తెలుసు. డెల్టా అభిప్రాయం మారింది ఆ క్షణానే అని నా నమ్మకం. 2024 నవంబరులో రాష్ట్రం మత్తుపదార్థాల మీద ఈగల్ పేరుతో ప్రత్యేక పోలీసు దళం పెట్టి, 1972 అనే ఫోను నంబరు ఇచ్చినప్పుడు ఊళ్లలో దానికి ఎదురుమాట వినబడలేదు.

అవతలి ఒడ్డున మేనల్లుడి దేశం. 1969లో జనాభిప్రాయం సేకరించే గ్యాలప్ సంస్థ అడిగితే, గంజాయిని చట్టబద్ధం చేయాలన్నవాళ్లు నూటికి 12 మంది. 1996లో కాలిఫోర్నియా వైద్యానికి అనుమతించింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఓటేసి పూర్తిగా తెరిచాయి. 2013లో తొలిసారి సగం దాటి 58 మంది అయ్యారు, 2023 నాటికి 70. ఉరుగ్వే, కెనడా, జర్మనీ ఒక్కొక్కటిగా నడిచాయి. అక్కడ మనసులు మారడానికి పెద్ద కారణం రోగులు. కేన్సరు నొప్పితో, పిల్లల మూర్ఛలతో అల్లాడిన కుటుంబాలు ముందుకొచ్చి మాట్లాడాయి. గంజాయిలోని ఒక రసాయనంతో చేసిన మూర్ఛ మందుకు 2018లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. రెండో కారణం జైళ్లు. చిన్న పొట్లంతో దొరికిన నల్లజాతి కుర్రాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా అరెస్టవడం అక్కడివాళ్ల మనస్సాక్షిని కదిలించింది.

అన్నిచోట్లా నడక ముందుకే అనుకుంటే పొరపాటు. 2022లో తలుపులు బార్లా తెరిచిన థాయ్‌లాండ్ 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలంది. అన్నట్టు, పిల్లల్ని అమెరికా పంపిన డెల్టా తల్లిదండ్రులకు ఒక మాట. రాష్ట్రంలో కొట్టు తెరిచి ఉన్నా, అక్కడి కేంద్ర చట్టంలో గంజాయి నేరమే. వీసా మీద ఉన్నవాళ్లకు లెక్కలోకి వచ్చేది ఆ కేంద్ర చట్టమే. బిల్లు ఉందిగా అని కొంటే భవిష్యత్తు మీదకి రావచ్చు. ఆ సాయంత్రం మేనల్లుడికీ ఇదే చెప్పాను.

మన ప్రభుత్వం కూడా కదలకుండా లేదు. 2020 డిసెంబరులో ఆ అత్యంత ప్రమాదకరమైన జాబితా నుంచి గంజాయిని తీసేయాలా అని ఐక్యరాజ్యసమితి సంఘంలో ఓటింగు జరిగితే 27-25తో తీర్మానం నెగ్గింది. భారత్ తీసేయాలనే ఓటేసింది. 2018లో ఉత్తరాఖండ్ మత్తు దాదాపు లేని రకాన్ని నార కోసం పండించడానికి లైసెన్సులిచ్చింది. ఇంగ్లీషులో హెంప్ అనే దీన్ని జనుము అని అనువదించేవాళ్లున్నారు. కోత తర్వాత మన వరిచేలల్లో పశువుల మేతకి చల్లే జనుము పూర్తిగా వేరే మొక్క. రైతుల్ని ఆ అయోమయంలోకి దింపొద్దు.

ఢిల్లీ ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ సర్వే ప్రకారం, ఏడాది కాలంలో భంగో గంజాయో, ఆ మొక్క జిగురుతో చేసే చరసో వాడినవాళ్లు దేశంలో దాదాపు 3.1 కోట్ల మంది. ఇంతమందిని జైల్లో పెట్టగలమా? పెట్టలేం. అలాగని కొట్టు తెరుద్దామా? ఇక్కడ నేను డెల్టా పక్షమే. మేం సారా చూశాం. 1992లో నెల్లూరు ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం చూశాం, 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. నిషేధంలో లంకల్లో నాటుసారా కాగింది, నిషేధం ఎత్తేశాక బెల్టుషాపు గడప దాకా వచ్చింది. కొట్టు వస్తే పన్ను వస్తుందనీ, పిల్లలకు అమ్మరనీ చెబితే నమ్మడానికి మా అమ్మలు సిద్ధంగా లేరు. అది అజ్ఞానం కాదు, అనుభవం. పైగా ఎదిగే వయసులో మొదలుపెట్టిన పిల్లల్లో చదువు, జ్ఞాపకం దెబ్బతినడం, కొందరిలో మతి చలించడం డాక్టర్లు చూస్తున్న నిజాలు.

అయితే అమ్మేవాణ్నీ, అలవాటు పడ్డవాణ్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. చట్టమే ఆ తేడా చూపించింది. అలవాటు పడ్డ మనిషి తాగినందుకో, చిన్న మొత్తంతోనో దొరికినా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ వైద్యానికి చేరి దాన్ని పూర్తిచేస్తే విచారణ ఉండదు. సెక్షన్ 64ఏ. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఈ సెక్షన్ గురించి ఊళ్లో ఏ గోడమీదా నేను చూడలేదు. 'గంజాయి తాగితే జైలే' అన్న ఫ్లెక్సీలు మాత్రం బస్టాండు బస్టాండుకీ ఉన్నాయి. అవి చదివిన తల్లి కొడుకుని ఆసుపత్రికి తీసుకెళ్లదు, గదిలో పెట్టి గడియ వేస్తుంది. మత్తు వదిలించే సలహాకి 14446 అనే జాతీయ నంబరు ఉంది. అది కేసు పెట్టే నంబరు కాదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ముక్కనుమ నాడు బావ పెరట్లోకి పిలిచాడు. "తెలిసినవాళ్లబ్బాయి ఉన్నాడు. రాత్రి అరవై నాలుగేదో అన్నావే, ఆ నంబరూ అదీ ఓ కాగితం మీద రాసియ్యి" అన్నాడు. పాత క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు రాసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకున్నాడు. ఎవరబ్బాయని నేనడగలేదు.