ఒక్క రన్ తేడాతో చేజారిన ఏడాది: పాడ్రేస్ 2023 మీద అపోహలు, వాస్తవాలు

నా ఉద్యోగం బేస్‌బాల్ లెక్కలు చూడటం. కాలిఫోర్నియాలో ఒక కాలేజీ జట్టుకు పనిచేస్తాను. అభిమానం మాత్రం అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు శాన్ డియేగో పాడ్రేస్ మీద. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఇంట్లోవాళ్ళకు ఎంత విసుగో వేరే చెప్పక్కర్లేదు. శాన్ డియేగోలో చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ పుణ్యమా అని తెలుగువాళ్ళకు కొదవ లేదు. క్రికెట్ చూస్తూ పెరిగి, ఇక్కడికొచ్చాక బేస్‌బాల్ పిచ్చి పట్టినవాళ్ళు మా స్నేహితుల్లోనే బోలెడుమంది. నలుగురం కలిస్తే 2023 సీజన్ మీద వాదన ఇప్పటికీ తెగదు. ఆ వాదనలో పదే పదే వినపడే మాటలనే ఇక్కడ అపోహలుగా తీసుకున్నాను.

ఆ ఏడాది సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2022లో పాడ్రేస్ 89 మ్యాచులు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. అక్కడ 111 మ్యాచులు గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను ఇంటికి పంపించారు. మేజర్ లీగ్‌లో సగభాగమైన నేషనల్ లీగ్ ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో ఓడిపోయినా ఊరంతా పండగే. ఆ ఊపులో జాండర్ బోగార్ట్స్‌తో 11 ఏళ్ళకు 28 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. హువాన్ సోతో, మానీ మచాడో, ఫెర్నాండో తతీస్ అప్పటికే ఉన్నారు. ఇక వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, మనదే అనుకున్నాం. తీరా చూస్తే 82 గెలుపులు, 80 ఓటములు. రెండే రెండు గెలుపుల దూరంలో ప్లేఆఫ్స్ పోయింది.

అపోహ: దగ్గరి మ్యాచులు ఓడారంటే దమ్ము లేనట్టే

ఇదే అన్నిటికన్నా పెద్దది, అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఒక్క రన్ తేడాతో తేలిన మ్యాచుల్లో ఆ ఏడాది పాడ్రేస్ 9 గెలిచి 23 ఓడారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు స్కోరు సమమై ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కు వెళ్ళిన మ్యాచుల్లో మొదటి 12 వరసగా ఓడి, సీజన్ చివర్లో రెండు గెలిచారు. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మా గుంటూరు మిత్రుడి మాట ఇదీ: "అన్నా, నువ్వు ఎన్ని లెక్కలైనా చెప్పు, టెన్షన్ వస్తే వీళ్ళకు చేతులు వణుకుతాయి."

సరే, వణుకుతాయనే అనుకుందాం. మరి అంతకు ముందు ఏడాది? 2022లో ఇదే పాడ్రేస్ ఒక్క రన్ మ్యాచుల్లో 30 గెలిచి 17 ఓడారు. మేనేజర్ (మన హెడ్ కోచ్ లాంటివాడు) రెండేళ్ళూ బాబ్ మెల్వినే, జట్టులో ముఖ్యమైనవాళ్ళూ చాలావరకు వాళ్ళే. 2022లో ఉన్న గుండె ధైర్యం ఆరు నెలల్లో ఎక్కడికి పోయింది? మా పనిలో ఉన్నవాళ్ళం దీన్ని ఎన్నో జట్ల మీద, ఎన్నో సీజన్ల మీద చూశాం. ఒక ఏడాది ఒక్క రన్ మ్యాచుల్లో అదరగొట్టిన జట్టు మరుసటి ఏడాదీ అదరగొడుతుందన్న నమ్మకం ఏమీ లేదు. గుణం అయితే మనిషితోపాటు ఉండాలి కదా. ఇది ఉండదు.

చిన్న లెక్క వేద్దాం. దగ్గరి మ్యాచ్‌ను బొమ్మా బొరుసుగా తీసుకోండి. 32 సార్లు నాణెం ఎగరేస్తే బొమ్మ తొమ్మిదిసార్లో అంతకన్నా తక్కువో పడే అవకాశం నూటికి ఒకటి. చాలా అరుదే. కానీ మేజర్ లీగ్‌లో జట్లు 30. ప్రతి జట్టూ ఏటా ఇలాంటి మ్యాచులు కుప్పలుగా ఆడుతుంది. అంటే ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా మూడు, నాలుగేళ్ళకోసారి ఎవరో ఒకరి నెత్తిన ఈ శని పడాల్సిందే. 2023లో మన నెత్తిన పడింది.

ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ దగ్గరికి వస్తే అదృష్టం పాత్ర ఇంకా పెరుగుతుంది. 2020లో కోవిడ్ వల్ల ఒక నియమం తెచ్చారు, 2023లో దాన్ని శాశ్వతం చేశారు. పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి జట్టుకూ రెండో బేస్ మీద ఒక రన్నర్‌ను ఊరికే నిలబెడతారు. అతను మూడో బేస్ మీదుగా ఇంటికి, అంటే హోమ్ బేస్‌కు, చేరితే ఒక రన్. ఇప్పుడు ఆలోచించండి. మొదటి బ్యాటర్ కుడివైపు నేలబారుగా ఒక బంతి కొడతాడు. తను అవుటైనా రన్నర్ మూడో బేస్‌కు చేరతాడు. తర్వాతివాడు కాస్త లోతుగా గాల్లోకి లేపితే చాలు, క్యాచ్ పట్టాక రన్నర్ పరిగెత్తి ఇంటికొచ్చేస్తాడు. ఒక్క హిట్ కూడా లేకుండా రన్. అదే సమయంలో అవతలి జట్టు బ్యాటర్ బంతిని చితక్కొట్టినా, అది సూటిగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) గ్లవ్‌లోకి వెళ్తే అతను అవుట్, వెనక్కి తిరగలేకపోయిన రన్నర్ కూడా అవుట్. నేను స్కోర్‌బుక్‌లో రాసేటప్పుడు మొదటిది నీట్‌గా ఒక రన్, రెండోది డబుల్ ప్లే. బంతిని ఎవరు బాగా కొట్టారన్నది ఆ గడిలో ఎక్కడా ఉండదు.

అలాగని అంతా అదృష్టమే అని నేననను. మొదటి నెలల్లో రెండో, మూడో బేసుల మీద మనుషులుండగా మనవాళ్ళ బ్యాటింగ్ చూడలేకపోయాం. బుల్‌పెన్‌లో, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్లలో (బంతి విసిరేవాళ్ళలో), జాష్ హేడర్ గొప్పవాడే. కానీ అతను దాదాపు ఎప్పుడూ ఒక్క ఇన్నింగ్సే వేసేవాడు. మిగిలినవాళ్ళ మీద అంత భరోసా లేదు. డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా (ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) నమ్ముకున్న నెల్సన్ క్రూజ్‌కు అప్పటికే 40 దాటాయి, జులైలో వదిలేశారు. బెంచి బలహీనం. ఇవన్నీ కలిస్తే 16-16 కావాల్సింది 14-18 కావచ్చు. 9-23 దాకా లాగడానికి మాత్రం ఇవి చాలవు.

అపోహ: గెలుపోటముల పట్టికే జట్టు అసలు స్థాయి

క్రికెట్ అభిమానికి ఇది చెప్పడం తేలిక. నెట్ రన్ రేట్ ఎందుకు చూస్తాం? గెలిచిన మ్యాచులు సమానమైనా, ఎవరు ఎంత తేడాతో గెలిచారో ఓడారో అది పట్టిస్తుంది. బేస్‌బాల్‌లో ఆ పని చేసేది రన్ డిఫరెన్షియల్, అంటే సీజన్ మొత్తం మీద చేసిన రన్స్‌లోంచి ఇచ్చిన రన్స్ తీసేస్తే మిగిలేది.

2023లో పాడ్రేస్ చేసినవి 752, ఇచ్చినవి 648. తేడా ప్లస్ 104. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చాలా ఏళ్ళ కిందట ఇచ్చిన సూత్రం ఒకటుంది: చేసిన రన్స్ వర్గాన్ని, చేసినవీ ఇచ్చినవీ రెండింటి వర్గాల మొత్తంతో భాగిస్తే గెలవాల్సిన మ్యాచుల శాతం దాదాపుగా వస్తుంది. దాని ప్రకారం పాడ్రేస్ 92, 93 మ్యాచులు గెలవాలి. గెలిచినవి 82.

అదే ఏడాది మయామీ మార్లిన్స్‌ను చూడండి. చేసిన రన్స్ 666, ఇచ్చినవి 723. మైనస్ 57. ఒక్క రన్ మ్యాచుల్లో మాత్రం 33-14. మొత్తం 84 గెలుపులతో ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. అరిజోనా కూడా 84 గెలుపులే, రన్ తేడా మైనస్సే, ఏకంగా వరల్డ్ సిరీస్ ఆడింది. నాకు వాళ్ళ మీద కోపం లేదు. అసూయ ఉంది, అది వేరే సంగతి.

అపోహ: స్టార్లు ఆడలేదు

ఆడారు. సోతో 162 మ్యాచులూ ఆడి 35 హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, 132 వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఊరికే దొరికే మొదటి బేస్) తీసుకున్నాడు. మచాడో 30 హోమ్ రన్స్. తతీస్ నిషేధం వల్ల మొదటి 20 మ్యాచులు ఆడకపోయినా 25 కొట్టి, ఫీల్డింగ్‌కు ప్లాటినం గ్లవ్ తెచ్చుకున్నాడు. కిమ్ హా సంగ్ 38 బేసులు దొంగిలించాడు (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు), అతనికీ ఫీల్డింగ్‌కు గోల్డ్ గ్లవ్ వచ్చింది. పిచ్చర్ బ్లేక్ స్నెల్ 2.25 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున అతని ఖాతాలో పడే రన్స్) ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. లోటు కనపడింది బ్యాటింగ్ వరసలో కింది భాగంలో. కానీ అక్కడివాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి తిట్లన్నీ స్టార్ల ఖాతాలోనే పడతాయి.

అపోహ: డబ్బు పోస్తే గెలుపు రాదని తేలిపోయింది

ఈ మాట అనేవాళ్ళకు 2023 బంగారం లాంటి ఏడాది, ఒప్పుకుంటాను. జీతాల ఖర్చులో మొదటి మూడు జట్లు మెట్స్, యాంకీస్, పాడ్రేస్. మూడూ ప్లేఆఫ్స్‌కు వెళ్ళలేదు. అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిన మెట్స్ 75 గెలిచి 87 ఓడారు.

మరి ఆ ఏడాది కప్పు ఎత్తిందెవరు? టెక్సస్ రేంజర్స్. 2021లో 102 మ్యాచులు ఓడిన జట్టది. ఆ చలికాలంలోనే కోరీ సీగర్‌కు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కు 17.5 కోట్లు పెట్టి తెచ్చుకుంది. 2023 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు ఆ సీగరే. కాబట్టి డబ్బు పనిచేయదనడం తప్పు. అది కొనిపెట్టేది అవకాశాన్ని. పైగా పెద్ద ఒప్పందాలన్నీ ఆటగాడు నిన్న ఆడిన ఆటకు ఇచ్చే డబ్బు. రేపు ఆడే ఆట ఆ కాగితంలో ఉండదు.

అపోహ: మేనేజర్‌ను మార్చగానే జట్టు బాగుపడింది

ఇది చెప్పేవాళ్ళ దగ్గర ఆధారం కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. బాబ్ మెల్విన్‌కు ఆటగాళ్ళను ఎంచి తెచ్చే జనరల్ మేనేజర్ ఏ.జే. ప్రెల్లర్‌తో పడటం లేదని వార్తలొచ్చాయి. ఒప్పందం ఇంకో ఏడాది ఉండగానే మెల్విన్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు వెళ్ళిపోయాడు. మైక్ షిల్ట్ వచ్చాడు. 2024లో పాడ్రేస్ 93 గెలిచారు, మెల్విన్ జెయింట్స్ 80 దగ్గర ఆగారు. ఇంకేం కావాలి అంటారు.

ఇందాకటి లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. 2023 జట్టు రన్స్ ప్రకారం గెలవాల్సినవి 92, 93. మరుసటి ఏడాది గెలిచినవి 93. పదకొండు గెలుపుల మెరుగుదలంతా కొత్త మేనేజర్ మాయ అనేముందు, అందులో ఎంత భాగం దురదృష్టం వదలడం వల్లే వచ్చిందో చూడాలి. జట్టు కూడా అదే కాదు. సోతోను యాంకీస్‌కు ఇచ్చేశారు, స్నెల్, హేడర్ వెళ్ళిపోయారు. సోతోకు బదులుగా వచ్చిన మైకేల్ కింగ్, మార్చిలో తెచ్చుకున్న డిలన్ సీజ్, కుర్రాడు జాక్సన్ మెరిల్ నిలబెట్టారు. షిల్ట్ మంచి మేనేజరే. కానీ మేనేజర్ విలువను ఒక్క సీజన్ గెలుపులతో తూచే తక్కెడ మా దగ్గర లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్. 2008 ఐపీఎల్‌లో 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచారు. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టారు. కెప్టెన్ ఘనత తప్పకుండా ఉంది. కానీ 14 మ్యాచులంటే బేస్‌బాల్‌లో రెండు వారాల ఆట. అంత చిన్న సీజన్‌లో కిందివాళ్ళు పైకి రావడం, పైవాళ్ళు కిందికి జారడం మామూలే.

అపోహ: ఆగస్టులోపు అందరినీ అమ్మేయాల్సింది

జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ ఏడాది ఆఖరి రోజు ఆగస్టు 1. ఆ గడువుకు జట్టు సగం గెలుపులు, సగం ఓటములతో ఊగిసలాడుతోంది. స్నెల్‌నూ హేడర్‌నూ అమ్మమని చాలామంది అరిచారు. ప్రెల్లర్ అమ్మలేదు, పైగా ఇంకొందరిని కొన్నాడు. సెప్టెంబర్ మధ్యకు 68-78కి జారిపోవడంతో అరిచినవాళ్ళదే నిజమైనట్టు కనిపించింది. ఆ తర్వాత చివరి 16 మ్యాచుల్లో 14 గెలిచారు. ప్లస్ రన్ తేడా ఉన్న జట్టును జులైలో అమ్మకపోవడం సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం. ఫలితం రాలేదు కదా అంటే, రాలేదు. సరైన నిర్ణయానికి చెడ్డ ఫలితం రావడం మా రంగంలో వారానికోసారి చూస్తాం.

అపోహ: ఓడితే జనం రారు

2023లో పాడ్రేస్ సొంత మైదానం పెట్కో పార్కుకు దాదాపు 32.7 లక్షల మంది వచ్చారు, పాడ్రేస్ చరిత్రలోనే అప్పటికి రికార్డు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఛార్జర్స్ 2017లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్ళిపోయాక అప్పటికి ఈ ఊరికి మిగిలిన పెద్ద జట్టు ఇదే. దానికితోడు యజమాని పీటర్ సైడ్లర్ చిన్న ఊరని చూడకుండా ఖర్చు పెట్టాడు. అది జనం మర్చిపోలేదు. ఆ నవంబర్‌లో ఆయన చనిపోయారు.

అపోహ: నేను ఆ జెర్సీ వేసుకుంటే ఓడిపోతారు

లేదండీ. వేసుకోండి.

ఇక మీ జట్టు సంగతి మీరే తేల్చుకోవాలంటే లీగ్ వెబ్‌సైట్లో స్టాండింగ్స్ తెరవండి. గెలుపోటముల పక్కన చేసిన రన్స్, ఇచ్చిన రన్స్, వాటి తేడా, రన్స్ ప్రకారం రావాల్సిన గెలుపోటముల అంచనా ఉంటాయి. ఏప్రిల్లో వాటిని పట్టించుకోవద్దు, రెండు భారీ గెలుపులతో అంకెలు తారుమారవుతాయి. జూన్ ఆఖరుకు చూడండి. అంచనా 45 గెలుపులుండి మీవాళ్ళు 40 మీద ఉంటే కాస్త ఓపిక పట్టొచ్చు. అంచనా 38 ఉండి 44 గెలిచి ఎగురుతుంటే, ప్లేఆఫ్ టికెట్లు కొనేముందు డబ్బు వాపసు నిబంధనలు చదువుకోండి.