గచ్చులోంచి వచ్చే రంగు: యాసిడ్ స్టెయిన్ మీద అపోహలు - వాస్తవాలు

ఫోనులో ఒక ఫొటో చూపించి, "మా హాలు అచ్చం ఇలాగే రావాలి" అంటారు. ముదురు తేనె రంగు గచ్చు, మధ్యమధ్య మబ్బు పట్టినట్టు నల్లటి జాడలు. బాగుంటుంది, కాదనను. "మీ గచ్చుకు ఏ సిమెంటు వాడారు?" అని నేను అడిగితే మాత్రం ఆ ప్రశ్నకూ రంగుకూ సంబంధమేమిటన్నట్టు చూస్తారు. విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో యాసిడ్ స్టెయిన్ పని, అంటే ఆమ్లం కలిసిన ద్రావణంతో సిమెంటు గచ్చుకు రంగు పట్టించే పని, చేస్తున్న నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఇదీ ఒక రకం పెయింటే.

వాస్తవం: పెయింటు గచ్చు మీద పొరలా కూర్చుంటుంది, ఏదో ఒకనాటికి పెచ్చులు లేస్తుంది. యాసిడ్ స్టెయిన్‌లో ఉండేవి నీళ్ళలో కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇనుము, మాంగనీసు, రాగి వంటి లోహాల లవణాలు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, గచ్చులోనే మిగిలిపోతుంది. ఆమ్లం పై పొరను కొద్దిగా కొరికి దారి చేస్తుంది. లవణాలు లోపలికి దిగి, ఆ సున్నంతో కలిసి నీటికి కరగని రంగులుగా మారతాయి. స్టెయిన్ చల్లగానే గచ్చు సన్నగా చిటచిటలాడుతూ నురగ కడుతుంది. ఆ నురగ చూస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

పాత ఇళ్ళల్లోని ఎర్ర గచ్చు కూడా ఇదే కదా అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. కాదు. అది రెడ్ ఆక్సైడ్ పొడిని సిమెంటులో కలిపి, తాపీతో గంటల తరబడి రుద్ది నిగ్గు తేల్చిన పని. అంత ఓపికగా రుద్దే మేస్త్రీలు ఇప్పుడు అరుదు.

అపోహ: కేటలాగులో చూపించిన రంగే వస్తుంది.

వాస్తవం: ఇనుప లవణాలు లేత గోధుమ నుంచి తేనె రంగు దాకా ఇస్తాయి. మాంగనీసు ముదురు గోధుమ, నలుపు ఇస్తుంది. రాగితో నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ వస్తుంది. నిమ్మపండు పసుపు, మందార ఎరుపు ఈ పద్ధతిలో రావు. రాగి రంగును వాన తగిలే వరండాలో వేయించుకోవద్దని నేనే చెబుతాను. తేమకు అది నల్లబడిపోతుంది.

ఇక సిమెంటు సంగతి. మన దగ్గర ఇళ్ళకు ఎక్కువగా వాడే పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే బొగ్గు కాల్చగా వచ్చే సన్న బూడిద, ఉంటుంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం మీదుగా వెళ్ళేవాళ్ళకు ఆ బూడిదను పరిచయం చేయనక్కర్లేదు. కట్టడానికి అది మంచిదే. కానీ నా స్టెయిన్‌కు కావలసిన సున్నాన్ని ఆ బూడిద ముందే తినేస్తుంది, దాంతో రంగు పలచబడుతుంది. అదే ఓపీసీ, అంటే బూడిద కలపని మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, వాడి, పైన పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దిన గచ్చయితే రంగు చిక్కగా దిగుతుంది. ఒకే ఇంట్లో రెండు రోజుల తేడాతో పోసిన రెండు గదులు ఒకే రంగుకు రాకపోవడం మామూలే. అందుకే బీరువా కిందికి పోయే మూలలో రెండడుగుల చదరం నమూనా చేసి, సీలర్ (రంగు మీద కాపుగా వేసే పారదర్శకమైన పూత) కూడా కొట్టి చూపించనిదే బయానా తీసుకోను. సీలర్ లేకుండా చూస్తే అది ఎండిన బురదలా ఉంటుంది. ఇంటివాళ్ళు బెంబేలెత్తిపోతారు.

అపోహ: ముందుగా యాసిడ్‌తో కడిగితే రంగు బాగా పడుతుంది.

వాస్తవం: దీనికి నేను మూల్యం చెల్లించాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో సామాను దింపుతుంటే అక్కడి మేస్త్రి సంబరంగా ఎదురొచ్చాడు. "మీకు శ్రమ తగ్గుతుందని నిన్ననే బాత్‌రూమ్ యాసిడ్ పోసి కడిగించేశాను సార్." గచ్చు మీద చెయ్యి పెడితే గరుకు కాగితంలా ఉంది. ఇసుక రేణువులు తేలాయి, సున్నం కొట్టుకుపోయింది. స్టెయిన్ చల్లితే నురగ లేదు. సాయంత్రానికి నీళ్ళ మజ్జిగలాంటి రంగు మిగిలింది. చివరికి నీటి ఆధారిత రంగుతో సర్దాను. ఇంటాయన ఒప్పుకున్నారు గానీ, ఆయన కోరుకున్నది అది కాదు. మేస్త్రిని ఏమనగలను? టైల్స్ పని అయ్యాక సిమెంటు మరకలు పోగొట్టడానికి అందరూ చేసేదే ఆయనా చేశాడు. ఇప్పుడు ఫోనులోనే చెబుతున్నాను: సబ్బు నీళ్ళతో కడగండి, యాసిడ్ ముట్టుకోకండి.

అపోహ: పగుళ్ళు, మరకలు కప్పేస్తుంది.

వాస్తవం: దాచిపెట్టినవన్నీ బయట పెడుతుంది. క్యూరింగ్‌కు, అంటే కొత్త గచ్చును తడిగా ఉంచడానికి, కప్పిన గోనె సంచి ఒకచోట ముడత పడితే ఆ ముడత, ఎప్పుడో పడిన నూనె చుక్క, పెయింటర్ డబ్బా పెట్టిన వలయం, అన్నీ తేలతాయి. పగులు పూడ్చిన చోట వేరే రంగు పడుతుంది. మా వైపు నల్లరేగడి నేలలు తేమకు ఉబ్బి, ఎండకు కుంగుతాయి కాబట్టి సన్న పగుళ్ళు లేని గచ్చు దొరకడం కష్టం. కొందరికి అవి పాతరాతి చారల్లా అందంగానే కనిపిస్తాయి. మీకు అలా అనిపించకపోతే టైల్స్ వేయించుకోండి, నేనేమీ అనుకోను.

అపోహ: గృహప్రవేశానికి వారం ముందు గచ్చు పోసి రంగు వేసేయవచ్చు.

వాస్తవం: గచ్చు పోశాక కనీసం 28 రోజులు ఆగాలి. గృహప్రవేశం ముహూర్తం చూసుకుని ఆ లెక్కన ముందే గచ్చు పోయించండి.

అపోహ: నాపరాళ్ళకూ మార్బుల్‌కూ చేయవచ్చు.

వాస్తవం: మాచర్ల, బేతంచెర్ల నాపరాళ్ళు, మార్బుల్ సున్నపురాయి జాతివి. యాసిడ్ పడితే పాలిష్ కాలిపోతుంది. విట్రిఫైడ్ టైల్స్‌లో అసలు ఏమీ జరగదు.

అపోహ: ఇంట్లో యాసిడ్ మిగిలిపోతుంది, పిల్లలు పాకే నేల కదా!

వాస్తవం: రంగు తేలాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆమ్లాన్ని విరిచేస్తాం. నురగ ఆగేదాకా, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా రుద్దుతాం. ప్రమాదమంతా పని జరిగే గంటల్లోనే, అదీ ఎక్కువగా మాకే. ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే ఆమ్లం పోయాలి. కిటికీలన్నీ తెరవాలి. లోహపు భాగాలు లేని ప్లాస్టిక్ స్ప్రేయరే వాడాలి. దగ్గర్లో ఉన్న ఇనుప గ్రిల్లులు, కుట్టు మిషను ఆ ఆవిరికి తుప్పు పట్టకుండా ముందే జరపాలి. మే నెల విజయవాడ ఎండలో స్టెయిన్ నిమిషాల్లో ఆరిపోయి పని చేయదు. అప్పుడు తెల్లవారుజామునే మొదలుపెడతాం.

అపోహ: ఒకసారి చేయిస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: రంగు నిలుస్తుంది. అరిగేది పైన కొట్టిన సీలర్. కింది అంతస్తులో చెమ్మ పైకొచ్చే నేలయితే ఆ సీలరే తెల్లగా పాలిపోతుంది. అందుకే ముందు రోజు ఒక ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచుతాను. పొద్దున దాని అడుగున నీటి చుక్కలుంటే సీలర్ మాట వాయిదా. ఇంట్లో మీరు చేసుకోగల పరీక్ష ఇంకా తేలిక. వంటింటి గట్టు ముందు, అందరూ నిలబడే చోట నాలుగు నీటి చుక్కలు వేయండి. చుక్క నిలబడితే సరే, నేలలోకి ఇంకి నల్లబడితే నాకు ఫోను చేయండి. ఈలోగా ఆవకాయ జాడీని మాత్రం నేరుగా నేల మీద పెట్టకండి. ఆ నూనె వలయం దిగాక దాన్ని తీయడం నా వల్ల కాదు.