సమీకృత కలెక్టరేట్లు: గీత ముందు, కప్పు తరువాత

ఉమ్మడి మెదక్ జిల్లాకు పేరు మెదక్‌ది, కచేరి, అంటే కలెక్టరు కార్యాలయం, సంగారెడ్డిలో. 2016 వరకు సిద్దిపేట రైతు పట్టా సంగతి కలెక్టరుతో చెప్పుకోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి సంగారెడ్డి చేరవలసి వచ్చేది. ఆ ఏడాది అక్టోబరు 11న, దసరా నాడు, సిద్దిపేటే జిల్లా కేంద్రమైంది. సరిగ్గా ఏడాదికి, 2017 అక్టోబరు 11న, అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు రాజీవ్ రహదారి పక్కన దుద్దెడ శివారులో, శాఖలన్నీ ఒకేచోట ఉండే సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయానికి శంకుస్థాపన చేశారు. 2021 జూన్ 20న ఆయనే దానిని ప్రారంభించారు. జిల్లా ఒక్కరోజులో పుట్టింది గాని, దానికి సొంత గూడు దొరకడానికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు పట్టింది.

ముందు జిల్లా, తరువాత భవనం అన్న ఈ వరుస తెలంగాణకు కొత్తది కాదు. 1865లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ చేసిన జిల్లాబందీతో, అంటే జిల్లాల విభజనతో, నిజాం రాజ్యంలో జిల్లాలు ఏర్పడ్డాయి. వాటికి అధిపతులు అవ్వల్ తాలూక్‌దార్లు, వారి పైన, కొన్ని జిల్లాలు కలిసిన సుబాలను చూసే సుబేదార్లు. హనుమకొండలో సుబేదారి అనే పేట ఆ హోదా పేరునే నేటికీ మోస్తోంది. ఆ తరువాత 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను, సమితులను తీసేసి మండలాలను తెచ్చినప్పుడు పాలన పల్లెకు దగ్గరైన మాట నిజమే గాని, చాలా మండల కార్యాలయాలు అద్దె ఇళ్లలోనే మొదలయ్యాయి. హద్దు గీత ముందు గీసి, కార్యాలయానికి కప్పు సంగతి తరువాత చూసుకోవడం మన పరిపాలనకు పాత అలవాటు.

2016లో అదే అలవాటు పెద్ద ఎత్తున బయటపడింది. పది జిల్లాలు ఒక్కరోజులో ముప్పై ఒకటి అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి ముప్పై మూడయ్యాయి. డివిజన్ స్థాయి పట్టణాలుగా ఉన్న చోట్లకు రాత్రికి రాత్రి కలెక్టరు, ఎస్పీ, పదుల కొద్దీ శాఖల అధికారులు వచ్చిపడ్డారు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనాలు, కళాశాల గదులు, అద్దె మేడలు, ఏది దొరికితే అది కార్యాలయమైంది. జనం మొర వినే సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీని కలెక్టరు సంబంధిత శాఖకు రాసేవారు. ఆ శాఖ ఊరికి ఆ చివర ఏ సందులోని మేడ మీద ఉందో కనుక్కోవడం అర్జీదారు పని. పాసుపుస్తకం జిరాక్సు, పాత పహాణీ (భూమి సాగు వివరాల రికార్డు) నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆటో మాట్లాడుకునేసరికి భోజన విరామం, ఆపైన అధికారి క్యాంపు.

దీనికి మందుగా ప్రభుత్వం ఎంచుకున్నది అన్ని శాఖలూ ఒకే కప్పు కిందకు వచ్చే భవనం. దాదాపు ఒకే నమూనా, కింది అంతస్తు మీద మరో రెండు, సమావేశ మందిరం, బయట విశాలమైన ఆవరణ. కట్టించే బాధ్యత రోడ్లు భవనాల శాఖది. సిద్దిపేట, కామారెడ్డిలతో మొదలైన ప్రారంభోత్సవాలు 2023 ఆగస్టులో సూర్యాపేట, మెదక్ దాకా సాగాయి. అంటే మెదక్ పట్టణానికి తన పేరుతో ఉన్న జిల్లా కొత్త కచేరి ఆ ఏడాది ఆగస్టు 23న గాని దక్కలేదు.

అసలు చిక్కు నమూనాలో లేదు, స్థలంలో ఉంది. ఇంత ఆవరణ కావాలంటే ఊరి నడుమ దొరకదు గనుక చాలా కలెక్టరేట్లు ఊరు దాటి రహదారి పక్కకు చేరాయి. హనుమకొండలో మాత్రం పాత కలెక్టరేట్ ఉన్న సుబేదారిలోనే కొత్తది కట్టారు, కాబట్టి అక్కడి జనం అలవాటైన దారినే వెళ్తున్నారు. రంగారెడ్డి కథ ఇంకా వింతైనది. 1978లో హైదరాబాద్ నుంచి విడివడిన ఆ జిల్లాకు నలభై ఏళ్లకు పైగా కలెక్టరేట్ లక్డీకాపూల్‌లో, అంటే పొరుగు జిల్లాలో ఉండేది. 2022 ఆగస్టు 25న కొంగరకలాన్‌లో సొంత భవనం ప్రారంభమయ్యాక ఆ లోటు తీరింది. కానీ చేవెళ్ల వైపు వారికి ఒకే బస్సులో నగరానికి వచ్చి పని చూసుకునే వీలు పోయింది. కొంగరకలాన్ వారికి నగరానికి ఆవలి దిక్కు. స్థలం ఖరారు చేసేటప్పుడే బస్సు మార్గాలనూ ఖరారు చేసి ఉంటే ఈ ఫిర్యాదులో సగం తగ్గేదని నా అభిప్రాయం.

పైగా ఊరు దాటేది కలెక్టరొక్కరే కాదు. పాత కచేరి గోడ వారన దరఖాస్తులు రాసిపెట్టేవారు, జిరాక్సు దుకాణాలు, టీ బండ్లు కూడా ఆ జనం మీదే బతికేవి. కొత్త ఆవరణల నమూనాలో అధికారుల వాహనాలకు చోటు చూపినంత శ్రద్ధగా వీరికి చోటు చూపలేదు.

ఒకే కప్పు అన్న మాటకు హద్దూ ఉంది. కోర్టులు దాని కిందకు రావు. కొత్త జిల్లాలకు న్యాయ జిల్లాలు, అంటే సొంత జిల్లా కోర్టుల పరిధులు, 2022 జూన్ 2న గాని అమల్లోకి రాలేదు. రెవెన్యూ జిల్లా వచ్చి ఆరేళ్లు కావస్తున్నా అప్పటిదాకా జిల్లా కోర్టు పని మీద పాత కేంద్రానికే వెళ్లవలసి వచ్చింది. గీత ముందు, కప్పు తరువాత అన్న అలవాటు పొరుగు రాష్ట్రంలోనూ కనిపించింది. అదే ఏడాది ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు కాగా, తిరుపతి కలెక్టరేట్‌ను తిరుమల తిరుపతి దేవస్థానాలు భక్తుల కోసం కట్టించిన పద్మావతి నిలయంలో పెట్టారు. భక్తుల వసతిని కచేరికి ఇవ్వవచ్చునా అన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.